పరాయి భుజం

సన్యాసిరావుకి మెడనొప్పి ఏ రోజున మొదలైందో గుర్తులేదు. అది తనని వదిలిపోయిన రోజు మాత్రం తారీఖుతో సహా చెప్పగలడు. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అతను క్రేన్ ఆపరేటరు. పాత రేవులో పద్నాలుగేళ్లు, భీమిలి అవతల కట్టిన కొత్త రేవులో అయిదేళ్లు ఇదే పని. నేలకి నలభై మీటర్ల ఎత్తున వేలాడే గాజు గది. దాని అడుగు కూడా గాజే. కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ల మధ్యలోంచి కిందికి చూస్తూ, ఎడం చేత్తో ఒక మీట, కుడి చేత్తో ఒక మీట నడపాలి. ఓడలోని ముప్ఫై టన్నుల పెట్టెని లేపి లారీ మీద సుతారంగా కూర్చోబెట్టాలి. నాలుగేసి గంటలు వంచిన మెడ ఎత్తడానికి ఉండదు. సన్యాసిరావు దించిన పెట్టె చప్పుడు చెయ్యదని రేవులో పేరు.

ఆ నొప్పి మొదట్లో సాయంత్రాలు వచ్చి తెల్లారేసరికి పోయేది. తర్వాత పోవడం మానేసింది. మెడలో పుట్టి, కుడి భుజం రెక్క కింద కాసేపు ఆగి, మోచేతి మీదుగా బొటనవేలిదాకా మంటలా దిగేది. చొక్కా తొడుక్కోవాలంటే ముందు కుడి చెయ్యి దూర్చుకోవాలి. బండి మీద వెనక్కి చూడాలంటే మొండెం మొత్తం తిప్పాలి. భార్య నూకరత్నం అంగన్‌వాడీ నుంచి రాగానే ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టేది. ఎత్తు దిండు, పల్చటి దిండు, చుట్టిన తువ్వాలు, ఏదీ లేకుండా నేల, అన్నీ అయ్యాయి. మెడకి పట్టీ కట్టుకున్నాడు. ఫిజియోథెరపీ చేయించుకున్నాడు. గోడకి వీపు ఆనించి గడ్డం లోపలికి లాక్కునే కసరత్తు రోజూ చేసేవాడు. కూతురు హిమజ పాలిటెక్నిక్ చదువుతోంది. ఫోన్లో గడియారం పెట్టుకుని లెక్కపెట్టేది.

ఓ మధ్యాహ్నం పెట్టె దించుతూండగా కుడి చెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పింది. పెట్టె ఊగి ఓడ రెయిలింగుని రాసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని పది నిమిషాలపాటు అతను ఆ చెయ్యి లేపలేకపోయాడు. మర్నాడే రత్నం అతన్ని పెద్ద సర్జను కామేశం గారి దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన స్కానింగు ఫిల్ముని వెలుగుకి పెట్టి చూపించాడు. "ఇదిగో, అయిదో ఎముకకీ ఆరో ఎముకకీ మధ్య డిస్కు బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోంది. మెడ ముందు వైపు చిన్న కోత పెట్టి ఆ డిస్కు తీసేసి, ఎముకలు రెండూ అతుక్కునేలా చేస్తాం. మందులతో ఎన్నాళ్లో లాగలేం."

"మళ్ళీ క్రేనెక్కొచ్చా అండి?" అన్నాడు సన్యాసిరావు.

కామేశం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మెడ వంచి చేసే పని చెయ్యొచ్చని నేను రాసివ్వలేనయ్యా."

ఇంటికొచ్చే దారిలో రత్నం అంది. "చేయించీసుకో, బావా. ఎన్నాళ్లిలా పళ్లు బిగబట్టుకుంటావు? క్రేన్ కాపోతే ఇంకో పని."

"నాకింకో పని ఏటొచ్చు రత్నం?" అన్నాడు.

*

రేవు డాక్టరు చెప్పిన మీదట అతను మధురవాడ కొండ మీది నాడీ పరిశోధనశాలకి వెళ్లాడు. అక్కడ డాక్టర్ నీరజాక్షి కొత్త వైద్యం పరీక్షిస్తోందని, కోత లేదని, పని మానక్కర్లేదని ఆయన చెప్పాడు.

నీరజాక్షికి యాభై దాటి ఉంటాయి. పలకరింపులు పెట్టుకోకుండా అతని వెనక నిలబడి, కుడి భుజం రెక్క కింద సరిగ్గా నొప్పున్న చోట బొటనవేలు పెట్టి నొక్కింది. సన్యాసిరావు గట్టిగా అరిచాడు.

"గుర్తుపెట్టుకోండి," అంది. అతని మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట రూపాయి కాసంత బిళ్ళ ఒకటి గోరువెచ్చటి జిగురుతో అంటించింది. ఎదురుగా తెర మీద అతని వీపు కనిపిస్తోంది. దాన్ని చూస్తూ ఆరు నిమిషాలు కూర్చోమంది. ఆ తర్వాత మళ్లీ అక్కడే, అంతే గట్టిగా నొక్కింది.

సన్యాసిరావు నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు.

"నొప్పి పోయిందా?"

"పోలేదండి. ఉంది. కాని..." మాట కోసం వెతుక్కున్నాడు. "పక్కింట్లో ఎవరికో నొప్పెడుతున్నట్టుందండి."

ఆమె వెనక కాగితాల బల్ల దగ్గర నిలబడ్డ సహాయకురాలు సుభాషిణి తలెత్తి చూసింది. నీరజాక్షి నవ్వింది. "అందరూ దాదాపు ఇదే మాటంటారు. మందులన్నీ నొప్పిని చంపాలని చూస్తాయి. నేను దాని జోలికి పోను. 'ఈ భుజం నాది' అని మెదడు ఒక చోట రాసి పెట్టుకుంటుంది. ఆ రాతని కొంచెం మసకబారుస్తానంతే. మనది కానిది మనల్ని బాధపెట్టదు కదా!"

"మరి చెయ్యి పని చేస్తాదాండి?"

"ఇంకా బాగా చేస్తుంది. జంకు పోతుంది కదా." ఆమె జుట్టు పక్కకి తప్పించి తన మెడ చూపించింది. అక్కడా అలాంటి బిళ్ళే. "పదిహేనేళ్లు మైక్రోస్కోపు మీద వంగి నా భుజాలు పాడైపోయాయి. ఈ బిళ్ళకి మొదటి రోగిని నేనే."

సన్యాసిరావు చొక్కా తొడుక్కున్నాడు. ముందు ఎడం చెయ్యి దూర్చుకున్నానని బస్సెక్కాక గాని అతనికి తట్టలేదు. ఆనందంతో కళ్లు చెమర్చాయి. అది ఆగస్టు పన్నెండు.

*

ఆ నెలంతా ఇల్లు పండగలా ఉంది. అతను గ్యాస్ సిలిండరు ఒక్కడే లోపల పెట్టాడు. మేడ మీద నీళ్ల ట్యాంకు కడిగాడు. ఉప్పు మూట ఎక్కడుందో రత్నం మరిచిపోయింది. రేవులో అందరూ గంటకి పాతిక పెట్టెలు దించుతూంటే అతను ముప్ఫై నాలుగు దించాడు. మేనేజరు కేబిన్‌కి పిలిచి చెయ్యి కలిపాడు. సన్యాసిరావు దగ్గర పని నేర్చుకున్న దాలినాయుడికీ భుజం నొప్పే. అతను కూడా వెళ్లి బిళ్ళ అంటించుకుని వచ్చాడు.

రత్నం మొదట గమనించింది చొక్కా గుండీల సంగతి. కుడి చెయ్యి గుండీలు చకచకా పెట్టేస్తోంది. అతని చూపు మాత్రం టీవీ మీద ఉంది. అందులో తప్పేముంది అనుకుంది. తర్వాత ఒకరోజు గుమ్మం తలుపు దభీమని పడింది. కుడి చెయ్యి తలుపు సందులో ఉండిపోయింది. అతను చెప్పులు విడుచుకుంటూ నీళ్లడిగాడు. ఆమె కేక పెడితే "ఏటయ్యింది?" అని అటూ ఇటూ చూశాడు.

ఓ ఆదివారం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. చేపల పులుసు. సన్యాసిరావు రేవు కబుర్లు చెబుతూ చెబుతూ ఆగిపోయి చిరాగ్గా అన్నాడు.

"హిమా, నా కంచంలో చెయ్యెందుకు పెడతన్నావే? తియ్యి."

హిమజ అతని ఎదురుగా కూర్చుని ఉంది. ఎడం చేతిలో గ్లాసు, కుడి చేతిలో ముద్ద. ఆ పిల్ల తల్లి వైపు చూసింది.

"తియ్యమంటే నీక్కాదేటి?"

"నాన్నా," అంది హిమజ చాలా మెల్లిగా. "అది నీ చెయ్యే."

అతను కంచంలోకి చూశాడు. ఆ చెయ్యి అన్నం కలుపుతోంది. ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. చిన్నప్పుడు స్టవ్ అంటుకుని కాలిన మచ్చ దాని మణికట్టు మీద ఉంది. తనదేనని బుద్ధికి తెలుస్తోంది. బుద్ధికి తెలిసినంత మాత్రాన అది తనదవలేదు. నాలుగైదు ఊపిర్లు పీల్చాక, తిమ్మిరెక్కిన కాలు తేరుకున్నట్టు, ఆ చెయ్యి మెల్లగా వచ్చి అతనికి అతుక్కుంది.

"ఏదో పరధ్యాసలో ఉన్నాను," అని నవ్వాడు. రత్నం అన్నం గిన్నె మీద మూత పెట్టి లేచిపోయింది.

*

పరిశోధనశాలకి ఆ వారం వెళ్లినప్పుడు వరండాలో ఒకావిడ కూర్చుని ఉంది. ఆనందపురంలో రవికెలు కుట్టే అమ్మాజీ. ఆమె కుడి మణికట్టుని చీర కొంగుతో నడుముకి గట్టిగా కట్టుకుంది.

"ఏటమ్మా, అలా కట్టుకున్నారు? దెబ్బ తగిలిందా?" అనడిగాడు సన్యాసిరావు.

"దెబ్బ కాదు తమ్ముడూ. కట్టకపోతే ఎక్కడో పెట్టీసి మర్చిపోతన్నాను. మొన్న బస్సు దిగిపోయాను గాని ఇది తలుపులో ఉండిపోనాది. కండక్టరు అరిస్తేగాని నాకు తెల్లేదు." ముంజేతి మీద నీలం, పసుపు కలిసిన కమిలిన మచ్చలు చూపించింది. తన చేతిని చూపించినట్టు లేదు. అంగట్లో దెబ్బతిన్న వంకాయ చూపించినట్టుంది.

"మరి బిళ్ళ తీయించుకోవచ్చు కదమ్మా?"

"తీసేస్తే ఆ పోటు మళ్ళీ వస్తాది బాబూ. మూడేళ్లు ఏడ్చాను దాంతోటి." గొంతు తగ్గించింది. "కుట్టుపని అదే సేసుకుంటాది. నేను పక్కన కూచుని టీ తాగుతాను. నాకన్నా బాగా కుడతాది."

లోపల నీరజాక్షికి అతను కంచం సంగతి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాడు, కనీసం భయపడుతుందనుకున్నాడు. ఆమె ఫారం తీసి, "ఎన్ని సెకన్లు ఉండుంటుంది?" అంది.

"పది, పదిహేనుంటాదేమో..."

ఆమె అంకె వేసుకుంది. సన్యాసిరావు తల వంచి ఆ కాగితం చూశాడు. అందులో ముందే అచ్చువేసిన ప్రశ్న ఉంది: "అవయవం పరాయిదిగా తోచడం. ఎన్ని సెకన్లు?" దాని పక్కన రెండు గళ్లున్నాయి. ఒకదాని మీద 'మొదటి నెల' అని, రెండోదాని మీద 'తర్వాత' అని.

"అంటే ఇలా అవుతుందని మీకు ముందే తెలుసాండి?"

"అందరికీ అవ్వదు. మోతాదు కొంచెం తగ్గిస్తాను." తెర మీద ఏదో జరిపింది. "చూడండి, సన్యాసిరావు గారూ. నొప్పితో మీరు క్రేన్ ఎక్కలేరు. ఆపరేషనయితే ఎక్కనివ్వరు. పది సెకన్ల పరధ్యాస ఒక్కటే ఇక్కడ మీకు నష్టం. మీరే ఆలోచించుకోండి."

అతను ఆలోచించుకున్నాడు. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద సముద్రం, ఓడ, మనుషులు అన్నీ తన రెండు చేతుల కింద ఉండటం గుర్తొచ్చింది. బిళ్ళ ఉంచుకునే ఇంటికి వెళ్లాడు. రత్నానికి మోతాదు తగ్గించారని మాత్రం చెప్పాడు.

*

బిళ్ళ అంటించాక అరవై ఎనిమిదో రోజు. పొద్దున్న పదకొండు గంటల వేళ. ఎండ గాజు మీద పడి మెరుస్తోంది. ఓడ మీద నలుగురు కళాసీలు పెట్టెల గొలుసులు విప్పుతున్నారు. సన్యాసిరావు పెట్టెని గాల్లో ఆపి వాళ్లు తప్పుకునేదాకా చూస్తున్నాడు.

పెట్టె దిగడం మొదలైంది.

ఎవర్రా దించుతున్నది, అనుకున్నాడు. కోపం వచ్చింది. కింద మనుషులున్నారు. కొత్తగా పనిలో చేరినవాడెవడో మీట నొక్కి ఉంటాడు. ఆపమని చెప్పడానికి మైకు అందుకున్నాడు. అప్పుడు తట్టింది. ఈ క్రేనుకి ఈ గదిలోంచి తప్ప ఎక్కణ్నుంచీ మీట లేదు. ఈ గదిలో తను తప్ప ఎవరూ లేరు.

పక్కకి చూశాడు. కుడి వైపు మీట మీద ఒక చెయ్యి ఉంది. నెమ్మదిగా, కుదురుగా, అలవాటైన పని చేసుకుపోతోంది.

"ఎయ్, ఒదులు!" అని అరిచాడు. దాన్నే. అది వదల్లేదు. పీక పట్టుకున్నట్టుగా ఎడం చేత్తో ఆ మణికట్టు పట్టుకుని లాగాడు. రాలేదు. పెట్టె కళాసీల తలల మీదికి వచ్చేసింది. వాళ్లు వంగి గొలుసుల పనిలో ఉన్నారు. సన్యాసిరావు మణికట్టు వదిలేసి, ఎడం వైపున్న ఎర్ర బొత్తాన్ని పిడికిలితో గుద్దాడు.

క్రేన్ మొత్తం ఒక్క కుదుపుతో ఆగింది. పెట్టె వాళ్ల తలలకి నిలువెడు ఎత్తున వేలాడింది. కళాసీలు తలెత్తి చూసి, అలవాటుగా, సరే అన్నట్టు చేతులూపారు. వాళ్లకేమీ తెలియదు.

లిఫ్టు దిగి నేల మీదికి రాగానే గోడ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. కుడి చెయ్యి జేబులోంచి రుమాలు తీసి అతని నోరు తుడిచింది. తీయమని అతను అనుకోలేదు.

*

అటునుంచటే పరిశోధనశాలకి వెళ్లాడు. రత్నానికి ఫోన్ చేస్తే ఆమె కూడా అంగన్‌వాడీ నుంచి నేరుగా వచ్చింది.

"తీసెయ్యండి," అన్నాడు సన్యాసిరావు. "ఇప్పుడే."

నీరజాక్షి గోడవారగా ఉన్న బల్లకి ఆనుకుని నిలబడి వింది. అంతా విన్నాక ఓపిగ్గా మొదలుపెట్టింది. ఒక్క ఘటనతో నిర్ణయానికి రాకూడదంది. ఎర్ర బొత్తాం నొక్కినది కూడా తనే కదా అంది. రెండో రకం బిళ్ళ వస్తోందని, అందులో ఈ ఇబ్బంది ఉండదని చెప్పింది. ఆమె గొంతు చాలా నిదానంగా ఉంది. రత్నం ముక్కు ఎగపీల్చింది.

"ఏటిది, ఏదో కమురు వాసనొస్తంది."

సన్యాసిరావు బల్ల మీదికి చూశాడు. జిగురు కరిగించే హాట్‌ప్లేటు అక్కడుంది. నీరజాక్షి కుడి అరచెయ్యి దాని మీద ఉంది. కింద సన్నగా పొగ లేస్తోంది.

"అమ్మా! మీ చెయ్యి!"

నీరజాక్షి పక్కకి తిరిగి చూసింది. ఆమె ముఖంలో నొప్పి లేదు. వీధిలో ఎవరికో ప్రమాదం జరిగితే కనబడే పాటి జాలి మాత్రం ఉంది.

"సుభాషిణీ," అని కేకేసింది. "త్వరగా రా. ఎవరిదో చెయ్యి కాలుతోంది."

రత్నమే దూకి ఆ చేతిని లాగింది. చర్మం కొంత ప్లేటుకి అంటుకుపోయింది. సుభాషిణి నీళ్లు, గాజుగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కట్టు కడుతూంటే నీరజాక్షి రెండో రకం బిళ్ళ గురించి చెబుతూనే ఉంది.

సన్యాసిరావు మెడ మీది బిళ్ళని సుభాషిణే తీసింది, వరండాలో.

"ఇప్పుడు నొప్పి వస్తాదా?" అనడిగాడు. జీవితంలో మొదటిసారి అతను దానికోసం ఎదురుచూశాడు. వెక్కిరిస్తున్నట్టుగా ఏమీ రాలేదు. భుజం చల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

"కొందరికి వచ్చింది సార్," అంది సుభాషిణి. "తొంభై రోజులు దాటినవాళ్లకి ఎవరికీ రాలేదు. మీది అరవై ఎనిమిదే."

"మరి మేడమ్‌ది?" అంది రత్నం.

సుభాషిణి గది వైపు చూసింది. "ఇది నాలుగో ఏడండి."

*

కామేశం గారు కొత్త స్కానింగు చాలాసేపు చూశాడు. టేపు తెచ్చి రెండు చేతుల చుట్టుకొలతా తీశాడు. కుడి చెయ్యి రెండు సెంటీమీటర్లు సన్నబడి ఉంది.

"డిస్కు ఇప్పుడు వెన్నుపామునే నొక్కుతోంది. నొప్పి ఉండుంటే ఈ పాటికి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడివి. అదే నీకు కాపలా. దాన్ని పంపించేశావు." ఫిల్ము దించాడు. "ఇక ఆలోచించడానికేం లేదు. ఆపరేషన్ చేస్తే నరం బతుకుతుంది. కాని ఒక్కటి చెప్తాను విను. ఆ చెయ్యి నీదని నీకు తెలియజెప్పడం నా కత్తికి చేతకాదు."

ఆపరేషన్‌కి ముందు తొమ్మిది రోజుల వ్యవధి ఉంది. ఆ తొమ్మిది రోజులూ రత్నం పొద్దునా సాయంత్రం అతని కుడి చేతికి నువ్వులనూనె రాసింది. భుజం నుంచి వేళ్లదాకా మర్దనా చేస్తూ, పసిపిల్లలకి అవయవాల పేర్లు నేర్పినట్టు ఒక్కో చోటా చెప్పేది. "ఇది నీ భుజం, బావా. దీని మీదే హిమని గంగమ్మ జాతరకి మోసుకెళ్లావు. ఇది నీ మోచెయ్యి. సైకిలు మీంచి పడి విరగ్గొట్టుకున్నావు."

అతను శ్రద్ధగా వినేవాడు. ఎవరో మంచి మనిషి కథ వింటున్నట్టుండేది. ఆ మాట ఆమెతో అనలేదు.

"వచ్చీసిందా?" అని రోజూ అడిగేది.

"వస్తంది," అనేవాడు.

ఓరోజు ఆమె చేతులు ఆపేసి అతని ముఖంలోకి చూసింది. "అబద్ధమాడకు. నీ ముఖం నాకు తెలీదేటి?" అని ఆ అరచేతిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అతనికి చెంప తడి తెలిసింది. ఓదార్చాలనిపించి ఎడం చేత్తో ఆమె తల నిమిరాడు.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. మత్తు దిగాక కామేశం గారు వేళ్లు కదపమన్నాడు. కదిలాయి. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం రత్నం కమలా వలుస్తూండగా సన్యాసిరావు ఒక్కసారిగా పళ్లు బిగించాడు. భుజం రెక్క కింద, పాత చోటే, మంట రాజుకుంది. మోచెయ్యి మీదుగా బొటనవేలిదాకా దిగింది. దిగుతూ దిగుతూ ఎక్కడెక్కడ తగిలితే అక్కడక్కడ ఆ చెయ్యి అతనిదవుతూ వచ్చింది.

నర్సు ఇంజెక్షన్ పట్టుకుని వచ్చింది.

"కాసేపుండండమ్మా," అన్నాడు. కళ్లలోంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. "కాసేపలాగే ఉండనీండి."

చిటికెన వేలూ దాని పక్క వేలూ మాత్రం తిరిగి రాలేదు. అవి ఇప్పటికీ ఎవరివో.

*

నాలుగు నెలల తర్వాత రేవువాళ్లు అతనికి నేల మీద పనిచ్చారు. గేటు దగ్గర లారీల కాగితాలు చూడటం. జరిగినదంతా రాసి మేనేజరుకి ఇచ్చాడు. మేనేజరు చదివి, సానుభూతిగా తలాడించి, ఇప్పుడా బిళ్ళలు ఎవరూ అంటించుకోవట్లేదని చెప్పాడు. అది నిజమే. కొత్త రకం వచ్చింది. యూనిఫాం కాలరులో కుట్టేసి ఇస్తున్నారు.

ఆ సంగతి సన్యాసిరావుకి దాలినాయుడి చొక్కా చూశాకే తెలిసింది. దాలినాయుడు షిఫ్టుకి వెళుతూ గేటు దగ్గర ఆగాడు. నిండుగా, హుషారుగా ఉన్నాడు. గంటకి నలభై రెండు పెట్టెలు దించుతున్నానన్నాడు.

"ఆ చొక్కా తీసెయ్‌రా దాలీ. నీకు దండం పెడతాను. నా సంగతి నీకు తెలీదేటి?"

"నీకు పడలేదన్నా. నాకేటీ ఇబ్బంది లేదు. భుజమనీది ఒకటుందనే తెలీట్లేదు." దాలినాయుడు నవ్వి చెయ్యి కలిపాడు. "వస్తానన్నా, టైమైపోతంది."

వెళ్లడానికి తిరిగాడు. అతని చెయ్యి తిరగలేదు. సన్యాసిరావు చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయింది. భుజం వెనక్కి సాగి, దాలినాయుడు ఆగిపోయి, విసుగ్గా చూశాడు.

"ఏటన్నా, వదులు. షిఫ్టుకెళ్లాలి."

"నేను పట్టుకోలేదురా," అన్నాడు సన్యాసిరావు.

దాలినాయుడికి ఆ మాట అర్థం కాలేదు. సన్యాసిరావు ఎడం చేత్తో ఆ వేళ్లని ఒక్కొక్కటే విప్పాడు. విప్పగానే దాలినాయుడు చకచకా నడిచి లిఫ్టెక్కేశాడు.

సన్యాసిరావు బల్ల మీది కాగితాలు వదిలేసి సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తాడు. దాలినాయుణ్ని ఎక్కనివ్వొద్దన్నాడు. సూపర్‌వైజరు అతన్ని శాంతపరచబోయాడు. ఆ వాదులాట అవుతూండగానే పైన క్రేన్ కదిలింది. ఓడ పక్కన, గట్టు మీద పెట్టె దిగే గీతల మధ్య, అయిదుగురు కళాసీలు తాళ్లు చుడుతున్నారు. ఎర్ర పెట్టె ఒకటి వాళ్ల మీదికి వచ్చి ఆగింది. ఆగి, దిగడం మొదలుపెట్టింది.

"తప్పుకోండ్రా!" సన్యాసిరావు వాళ్ల వైపు పరిగెత్తాడు. ఆపమని గుర్తుగా రెండు చేతులూ పైకెత్తాడు. కుడి చెయ్యి భుజం దాటేసరికి ప్రాణం పోయేంత నొప్పి వచ్చింది. అయినా ఎత్తే ఉంచాడు.

సూపర్‌వైజరు వాకీటాకీలో అరిచాడు. "దాలీ, ఆపు! కింద మనుషులున్నారు, ఆపు!"

"నేను దించట్లేదు సార్," అంది వాకీటాకీలోంచి దాలినాయుడి గొంతు, తాపీగా. "మీట మీద నేను చెయ్యే పెట్టలేదు."

కళాసీలు ఇద్దర్ని సన్యాసిరావు చొక్కాలు పట్టి లాగేశాడు. మిగతా ముగ్గురూ తాళ్లు వదిలేసి ఎగిరి దూకారు. చివరివాడు గీత దాటిన మరుక్షణం, వాళ్లు నిలబడ్డ చోట, ముప్ఫై టన్నుల పెట్టె వచ్చి కూర్చుంది. ఏ మాత్రం తొందర లేకుండా, ఎంతో నేర్పుగా, చిన్న చప్పుడైనా లేకుండా కూర్చుంది.

సూపర్‌వైజరు చేతిలో వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది.

"సార్, దించీశారు కదా. మా బాగా దించారు. ఎవరు సార్ అది?"